మీరడిగారు, మేం చెప్తున్నాం: బరోలో ఊళ్లో ఓ ఇంటి వైన్

పోయిన సంచికలో ఇటలీలోని బరోలో అనే ఊరి గురించి, అక్కడ నేను చూసిన ఒక కుటుంబం వైనరీ గురించి, వాళ్లు ఏడాదికి కొన్ని వేల బాటిల్స్ మాత్రమే చేసే రెడ్ వైన్ గురించి ఒక పేజీ రాశాను కదా, దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అస్సలు అనుకోలేదు. అన్నీ వేయలేను కాబట్టి ఒకే తరహా ప్రశ్నల్ని కలిపేసి, కొన్నిటికి వివరంగా కొన్నిటికి క్లుప్తంగా జవాబిస్తున్నా. ఆ కుటుంబం పేరు చెప్పమని చాలామంది అడిగారు. ఇంటి లోపలి విషయాలు కొన్ని రాశాను కాబట్టి పేరు వేయట్లేదు, ఏమనుకోకండి.

ప్రశ్న: సర్, నేను ట్యూరిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. మా ఇంటి ఓనర్ ఆంటీ నా పుట్టినరోజుకి ఒక బరోలో బాటిల్ ఇచ్చారు, చిన్న వైనరీది, చాలా మంచిది అన్నారు. గ్లాసులో పోస్తే రంగు పల్చగా ఉంది, అంచు దగ్గరైతే ఇటుక రంగులోకి తిరిగింది. నోట్లో పెట్టుకుంటే ఒకటే వగరు. పాడైపోయిందా, లేక నీళ్లేమైనా కలిశాయా? ఆవిడని అడగాలంటే మొహమాటంగా ఉంది. – ఒక విద్యార్థి

బాబూ, ఆ బాటిల్‌కి ఏమీ కాలేదు. నువ్వు తప్పులనుకున్న రెండూ ఆ వైన్ అసలు లక్షణాలే.

బరోలో అంటే నూటికి నూరు శాతం నెబ్బియోలో అనే ద్రాక్షతోనే చెయ్యాలి, వేరే రకం ఒక్క చుక్క కలపకూడదు, అది రూలు. ఈ నెబ్బియోలో చాలా మొండి రకం. వసంతంలో అందరికంటే ముందు చిగురిస్తుంది, పండటం మాత్రం అందరికంటే ఆఖర్న. పక్క తోటల్లో దోల్చెత్తో, బర్బెరా అనే ద్రాక్ష రకాల కోతలైపోయి జనం ఇళ్లకెళ్లిపోయాక కూడా ఇది ఇంకా తీగ మీదే ఉంటుంది, మామూలుగా అక్టోబర్ దాకా. ఆ టైమ్‌కి కొండల మధ్య పొగమంచు కమ్ముకుంటుంది, ఇటాలియన్‌లో మంచుని నెబ్బియా అంటారు, ద్రాక్షకి ఆ పేరు దాన్నుంచే వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఈ పండు తొక్కలో రంగు తక్కువ, టానిన్ ఎక్కువ. టానిన్ అంటే ఏంటో నీకు పుస్తకం అక్కర్లేదు, పచ్చి కరక్కాయ కొరికితే నాలుక మొద్దుబారి చిగుళ్లు పట్టేసినట్టు అవుతుందే, అదే. మన లాలాజలంలో ఉండే ప్రోటీన్లని ఈ టానిన్ పట్టేసుకుంటుంది, నోట్లో జారుడు పోయి ఎండిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే బరోలో చూడ్డానికి తేలిక, తాగితే గట్టిది. చూపుకీ రుచికీ ఇంత తేడా ఉండే రెడ్ వైన్లు తక్కువ, మొదటిసారి తాగిన ప్రతి ఒక్కరికీ నీకొచ్చిన డౌటే వస్తుంది, నాకూ వచ్చింది.

ఇంకా బాటిల్‌లో మిగిలి ఉంటే ఒక పని చెయ్యి. గ్లాసులో కొంచెమే పోసుకుని అరగంట అలా వదిలెయ్యి, తర్వాత తాగకుండా వాసన మాత్రం చూడు. ఎండిన గులాబీ రేకులు, దాని వెనకాల కొత్తగా వేసిన రోడ్డు తారు లాంటి వాసన, ఆ రెండూ కలిసి రావాలి. గులాబీ, తారు అనే జంట ఈ వైన్‌కి ఎప్పట్నుంచో ఉన్న గుర్తింపు. అది దొరికాక ఖాళీ కడుపుతో కాకుండా భోజనంతో తాగు. అక్కడ దీన్ని ఎప్పుడూ ఒట్టిగా తాగరు, వైన్‌లోనే గంటలకొద్దీ ఉడికించిన "బ్రజాతో" అనే మాంసం, గుడ్డు సొనలు బాగా వేసి సన్నగా తరిగిన తాయరిన్ అనే పాస్తా, బాగా ముదిరిన చీజ్, ఇలాంటివాటితోనే. ఆ కొవ్వు, ప్రోటీన్ తగిలితే వగరు సగం దిగిపోతుంది. ఆంటీని అడగడానికి మొహమాటం దేనికి, "దీంతో ఏం వండాలి" అని అడుగు చాలు, మిగతాది ఆవిడే చెప్పేస్తుంది.

ప్రశ్న: కొన్ని వేల బాటిల్సే చేస్తారు అని రాశారు. డిమాండ్ ఉన్నప్పుడు ఎక్కువ చెయ్యొచ్చు కదండీ? కావాలనే తక్కువ చేసి రేటు పెంచుకునే టెక్నిక్ కాదా ఇది?

సూటిగా అడిగారు, నేనూ లెక్కతోనే చెప్తా.

బరోలో చెయ్యడానికి అనుమతి ఉన్నది పియెమోంతె ప్రాంతంలో, ఆల్బా పట్నానికి దక్షిణాన ఉన్న లాంగె కొండల మీద 11 ఊళ్ల పరిధిలోనే. ఆ ఊళ్లలో కూడా అన్ని పొలాలూ పనికిరావు, నది పక్క పల్లపు నేల, ఉత్తరం వైపు వాలు, ఇవి లిస్టులో ఉండవు. ఇక హెక్టారుకి 8 టన్నుల ద్రాక్షకి మించి తియ్యకూడదు. ఆ 8 టన్నుల్లో తొక్క, గింజ, మడ్డి పోగా వచ్చే వైన్ సుమారు 5,400 లీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల బాటిల్స్‌లో 7,200 దాకా. నేను చూసిన ఇంటికి బరోలో కోసం వాడే నేల 3 హెక్టార్ల లోపు. గుణించండి, ఎంత లాగినా 22 వేలు దాటదు. వాళ్లు వేసవిలోనే కొన్ని గుత్తులు తెంపి నేల మీద పడేస్తారు, మిగిలినవి బాగా పండాలని. అంటే ఆ లెక్క కూడా అందదు, వడగళ్ల వాన పడిన ఏడాది ఇంకా తగ్గుతుంది.

మరి పక్క పొలం కొనుక్కోవచ్చు కదా అంటారేమో. ఒక హెక్టారు బరోలో నేల ధర 10 లక్షల యూరోలు దాటి చాలా కాలమైంది, పేరున్న దిబ్బల మీదైతే దానికి ఎంతో ఎక్కువ. బాటిల్స్ అమ్మి ఆ అప్పు తీర్చడం మనవళ్ల తరానికి కూడా అవ్వదు. పైగా అసలు సమస్య కొనడం కాదండీ, ఉన్నది నిలబెట్టుకోవడం. తండ్రి పోతే ఆస్తిలో పిల్లలందరికీ వాటా ఉంటుంది, ముగ్గురిలో ఒకరు తోట చూసుకుంటూ ఉంటే మిగతా ఇద్దరికి వాళ్ల వాటా డబ్బు కట్టివ్వాలి, నేల విలువ అలా ఉన్నప్పుడు ఎక్కణ్నుంచి తెస్తారు? బయట నుంచి పెద్ద డబ్బుతో వచ్చేవాళ్లు సరిగ్గా ఆ టైమ్‌కే వచ్చి తలుపు తడతారు. ఆ ఇంటి పెద్దావిడ నాతో మాట్లాడిన గంటసేపట్లో వైన్ రుచి గురించి రెండు ముక్కలు చెప్పి ఉంటుంది, మిగతా అంతా అక్కచెల్లెళ్ల వాటాల సంగతే.

ఇంకోటి, డబ్బు ఆగిపోవడం. కోసిన ఏడాది నవంబర్ 1 నుంచి లెక్కపెట్టి 38 నెలలు ఆగాలి, అందులో కనీసం 18 నెలలు చెక్క పీపాలో ఉండాలి. అంటే 2020 పంట అమ్మకానికి రావాలంటే 2024 జనవరి దాకా ఆగాల్సిందే. లేబుల్ మీద రిజెర్వా అని రాయాలంటే 62 నెలలు. ఇప్పుడు ఆలోచించండి, మూడు నాలుగు పంటలు నేలమాళిగలో కూర్చుని ఉంటే ఇల్లు ఎలా గడుస్తుంది? అందుకే వాళ్లు దోల్చెత్తో, బర్బెరా కూడా వేస్తారు, అవి త్వరగా తయారవుతాయి, వాటి డబ్బుతో సంసారం నడుస్తుంది, బరోలో ఆగుతుంది. మీరన్న టెక్నిక్ వాడేవాళ్లు ప్రపంచంలో లేరని అనను, కానీ ఇలాంటి ఇళ్లల్లో అది కారణం కాదు. వీళ్ల గేటు దగ్గరి రేటుకీ అదే బాటిల్ చేతులు మారి వేలంలో పలికే రేటుకీ మధ్య ఉన్న డబ్బు వీళ్లకి రూపాయి కూడా రాదు, సారీ, యూరో కూడా రాదు అనాలి.

ప్రశ్న: సాంప్రదాయ పద్ధతి, సాంప్రదాయ పద్ధతి అని నాలుగుసార్లు రాశారు. అసలు అదేంటో చెప్పలేదు. పాత పద్ధతి అంటే మంచిదనేనా?

ఇది నా తప్పే, విడమరిచి రాయాల్సింది. ఇప్పుడు కొంచెం పొడుగ్గా చెప్తా, ఎందుకంటే మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ద్రాక్ష చిదిపాక రసం తొక్కలతో కలిసి పులుస్తుంది. రంగూ టానిన్నూ తొక్కలోనే ఉంటాయి కాబట్టి ఎన్ని రోజులు కలిపి ఉంచారన్నదే మొదటి ప్రశ్న. పాత పద్ధతిలో 20 రోజులు, 30 రోజులు, కొందరైతే దాదాపు రెండు నెలలు ఉంచుతారు. పులిసేటప్పుడు గ్యాస్ వల్ల తొక్కలన్నీ పైకి తేలి గట్టి మూతలా కడతాయి, పులియడం తగ్గాక వాటి మీద చెక్క పలకలు అడ్డంగా బిగించి లోపలికి అదిమి పెడతారు, తొక్కలు రసంలో మునిగే ఉంటాయి, టీ ఆకు కప్పులో వదిలేసినట్టు నెమ్మదిగా దిగుతుంది.

ఆ తర్వాత బొత్తి. ఇవి మామూలు పీపాలు కావండీ, మనిషి కంటే ఎత్తు, 2,000 లీటర్ల నుంచి 5,000 దాకా పట్టేవి, క్రొయేషియాలోని స్లవోనియా ప్రాంతపు ఓక్ చెక్కతో చేసినవి. పదులకొద్దీ ఏళ్లు వాడతారు. అంత పాత, అంత పెద్ద పీపా వైన్‌కి ఏ రుచీ ఇవ్వదు. చెక్క రంధ్రాల్లోంచి కొద్దికొద్దిగా గాలి తగిలి వగరు మెత్తబడుతుంది, అంతవరకే దాని పని. నేను వెళ్లిన రోజు ఆ ఇంటి కూతురు నిచ్చెన వేసుకుని పీపా మీదకెక్కి, పైన ఉన్న బిరడా తీసి, చేతిలో ఉన్న స్టీల్ జగ్గులోంచి అదే ఏడాది వైన్ పోసింది, అంచు దాకా నిండి ఒక్క చుక్క పక్కకి కారేదాకా. చెక్కలోంచి ఆవిరై తగ్గిపోతుంది కదా, ఖాళీ వదిలితే అక్కడ గాలి చేరి పుల్లబడుతుంది, అందుకని క్రమం తప్పకుండా నింపుతూ ఉండాలి. కారిన చుక్కని వేలితో తుడిచి నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగి, కింద ఉన్న వాళ్లమ్మకి ఏదో అరిచి చెప్పింది. ఆ పీపా బాగానే ఉంది, పక్కదాన్ని రేపు చూడాలి అందట. ల్యాబ్ రిపోర్టులూ తెప్పిస్తారు, కానీ ముందు రిపోర్టు ఆ వేలు.

దీనికి ఎదురు పద్ధతి 1980ల్లో వచ్చింది. అప్పట్లో బరోలో అమ్ముడుపోక రైతులు ఇబ్బంది పడుతున్నారు, పాత పీపాలు కొన్నిచోట్ల శుభ్రంగా కూడా ఉండేవి కావు. కొందరు కుర్రాళ్లు ఫ్రాన్స్‌లోని బుర్గుండి వెళ్లి చూసొచ్చి, తొక్కలతో కొద్ది రోజులే ఉంచడం, 225 లీటర్ల చిన్న కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపాలు, అంటే బారిక్‌లు వాడటం మొదలుపెట్టారు. వైన్ కుర్రతనంలోనే మెత్తగా, వెనిలా వాసనతో ఉండేది, విదేశాల్లో విపరీతంగా నచ్చింది. ఆ 11 ఊళ్లలో ఒకటైన లా మొర్రాలో ఎలియో అల్తారె అనే ఆయన 1983లో తండ్రి పాత పీపాల్ని చైన్‌సా పెట్టి కోసేశాడు, తండ్రి ఆయనకి ఆస్తి దక్కనివ్వలేదు. అవతలి పక్షానికి, అంటే పాత పద్ధతి వాళ్లకి, బరోలో ఊళ్లోనే బర్తోలో మస్కరెల్లో పెద్ద దిక్కు, 2005లో పోయారు, ఇప్పుడు కూతురు మరియా తెరెసా చూస్తున్నారు. ఆయన చివరి ఏళ్లలో వీల్‌చెయిర్‌లో కూర్చుని బాటిల్ లేబుల్స్‌కి చేత్తో బొమ్మలేసేవారు, వాటిలో ఒకదాని మీద "బారిక్ వద్దు, బెర్లుస్కోని వద్దు" అని రాశారు (బెర్లుస్కోని అంటే అప్పటి ఇటలీ రాజకీయ నాయకుడు), అది ఇటలీ అంతా మోగిపోయింది.

నేను ఎటువైపు అంటే, పెద్ద పీపా వైపే. నెబ్బియోలోలో ఉన్న ఆ గులాబీ వాసన చాలా సున్నితం, దాని మీద వెనిలా వేస్తే ఇంక వెనిలానే మిగులుతుంది. కానీ ఆ కుర్రాళ్లు లేకపోతే ఈ ఊళ్లకి అంత డబ్బు, అంత పేరు వచ్చేవి కావు, తోటలో గుత్తులు పల్చన చెయ్యడం, సెల్లార్ శుభ్రంగా ఉంచడం పట్టుబట్టి అలవాటు చేసింది కూడా వాళ్లే, పాతపక్షం వాళ్లు కూడా ఇవాళ అవన్నీ చేస్తున్నారు. అట్నుంచి బారిక్ వాడిన చాలామంది మళ్లీ పెద్ద పీపాలకి వచ్చేశారు. కాబట్టి పాతదైతే మంచిదే అనుకోవద్దు. పాత పద్ధతిలో చేసిన చెత్త వైన్ కూడా తాగాను, పీపా కంపు కొట్టింది.

ప్రశ్న: మా వారు మిలాన్‌లో ఉద్యోగం. షాపులో బరోలో అని రాసి ఉన్నవి వంద రకాలు ఉంటాయి. ఇంటివాళ్లు చేసిందా, ఎక్కడో కొని బాటిల్‌లో పోసిందా లేబుల్ చూసి ఎలా తెలుసుకోవాలి?

తెలుసుకోవచ్చమ్మా. మెడ దగ్గర ప్రభుత్వ కాగితం పట్టీ ఒకటి, నంబర్‌తో, డీఓసీజీ అని ఉంటుంది, ఇటలీ వైన్లకి ఇచ్చే అన్నిటికన్నా పై హోదా అది, డీఓసీ దాని కింది మెట్టు. బరోలోకి 1966లో డీఓసీ, 1980లో డీఓసీజీ వచ్చాయి. ఆ పట్టీ ఉందంటే రూల్స్ ప్రకారం చేసి, పరీక్ష పాసైనట్టు, అంతే, గొప్పదని కాదు.

అసలు చూడాల్సింది వెనక లేబుల్ కింద చిన్న అక్షరాలు. "ఇంబొత్తిల్యాతో అల్లొరీజినె" అని ఉండి పక్కన ఒక కుటుంబం పేరు, ఆ 11 ఊళ్లలో ఒక ఊరి పేరు ఉంటే, వాళ్ల ద్రాక్షని వాళ్లే వైన్ చేసి వాళ్లే బాటిల్‌లో పోశారని అర్థం. ఒట్టి "ఇంబొత్తిల్యాతో ద" అని ఒక కంపెనీ పేరు ఉంటే, వైన్ ఎక్కణ్నుంచో కొని నింపి ఉండొచ్చు. ఈ తేడా చిన్నది కాదు. 1986లో ఇటలీలో చౌక వైన్‌లో మిథనాల్ కలిపితే 20 మందికి పైగా చనిపోయారు. అది బరోలో కాదు, కానీ జరిగింది పియెమోంతె ప్రాంతంలోనే, ఆ దెబ్బకి అక్కడి వైన్ అంతటి మీదా నమ్మకం పోయింది. ఎవరు చేశారు, ఎవరి పొలం, అని జనం అడగడం అప్పట్నుంచి బాగా పెరిగింది.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. తోట పేరు వేసి ఉంటేనే గొప్ప బరోలో అనుకుంటారు కదా, నిజానికి అది కొత్త అలవాటు. 1961 పంటతో ప్రునోత్తో, వియెత్తి అనే రెండు వైనరీల వాళ్లు ఒకే తోట పేరుతో బాటిల్ తెచ్చేదాకా, రెండు మూడు చోట్ల ద్రాక్ష కలిపి చెయ్యడమే ఆచారం. ఒక దిబ్బ పండు వాసన ఇస్తుంది, ఇంకోటి బలం ఇస్తుంది, ఎండ ఎక్కువైన ఏడాది నీడపక్క పొలం ఆదుకుంటుంది. మస్కరెల్లో ఇంట్లో ఇప్పటికీ కన్నూబి, సాన్ లొరెన్జో, రువె, రొక్కె దెల్లనున్జియాతా అనే నాలుగు తోటలవి కలిపి ఒకే బరోలో చేస్తారు. 2010 పంట నుంచి లేబుల్ మీద రెండు తోటల పేర్లు కలిపి రాయకూడదని రూల్ వచ్చింది, అప్పుడు బరోలో చేసే రినాల్ది అనే ఇంకో కుటుంబం వాళ్లు పాత జంట పేర్లు వదిలేసి కలిపిన దానికి "త్రె తినె" అని పేరు మార్చుకున్నారు. కాబట్టి మీ వారు చూసిన బాటిల్ మీద ఒట్టి "బరోలో" అని ఉంటే తక్కువదని పక్కన పెట్టెయ్యొద్దు, ఇంటి పేరు చూడండి ముందు.

బడ్జెట్ తక్కువైతే అదే ఇల్లు చేసే "లాంగె నెబ్బియోలో" అడగండి. కనీసం 85 శాతం అదే ద్రాక్ష, చాలా ఇళ్లల్లో మొత్తం అదే, అన్నేళ్లు ఆగక్కర్లేదు కాబట్టి బరోలో రేటులో సగమో ఇంకా తక్కువో ఉంటుంది. ఒక వైనరీ పనితనం తెలియాలంటే దీన్ని మించిన దారి లేదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఎన్నేళ్లు దాచాలి, ఎలా తెరవాలి?

మంచి ఏడాది పంట, పాత పద్ధతిలో చేసిందైతే పదేళ్లు ఆగితే దాని మొహం కనబడుతుంది, ఇరవై దాటినా నిలబడేవి ఉన్నాయి. పడుకోబెట్టి, చీకట్లో, చల్లగా, వేడి మారకుండా ఉండాలి. వంటింటి అలమరలో పైన పెట్టి పదేళ్లు ఆగితే మాత్రం పాడైన వైన్ దొరుకుతుంది. అలా చల్లటి చోటు లేకపోతే దాచొద్దు, తొందరగా తాగెయ్యండి.

తెరిచే ముందు ఒకటి రెండు రోజులు నిలబెట్టండి, మడ్డి అడుగుకి దిగుతుంది. బిరడా పాతదైతే విరుగుతుంది, స్క్రూ నిటారుగా పూర్తిగా దింపి మెల్లగా లాగాలి. పోసేటప్పుడు బాటిల్ మెడ వెనకాల ఒక లైట్ పెట్టుకుని ఒకే ధారగా వంచండి, మడ్డి మెడ దగ్గరికి నల్లగా పాములా వస్తుంది చూడండి, అక్కడ ఆపెయ్యాలి, అడుగున మిగిలిన రెండు గుక్కలకి కక్కుర్తి పడితే మొత్తం చేదవుతుంది. కుర్రదైతే రెండు మూడు గంటల ముందే వెడల్పు మూతి జాడీలోకి వంపేయొచ్చు, బాగా పాతదైతే అలా చెయ్యొద్దు, ఉన్న వాసన ఎగిరిపోతుంది. 16 నుంచి 18 డిగ్రీలు ఉంటే చాలు, గది వేడి అంటే మన గది వేడి కాదు. పెద్ద పొట్ట ఉన్న గ్లాసులో మూడో వంతే పొయ్యండి.

ప్రశ్న: ఎంతో ఆశపడి ఒక చిన్న వైనరీ బాటిల్ కొన్నాం, పెళ్లిరోజుకి తెరిస్తే తడిసిన అట్టపెట్టె వాసన. ఇదేనా చేతిపని గొప్పతనం?

చాలా బాధగా ఉందండీ చదువుతుంటే, ఎందుకంటే ఆ రోజు మళ్లీ రాదు. అది బిరడా జబ్బు. టీసీఏ అనే పదార్థం కార్క్‌లో ఉంటే ట్రిలియన్‌లో కొన్ని వంతులు చాలు వైన్‌ని చంపెయ్యడానికి. గాలి తగిలితే పోదు, ఆగితే ఇంకా ఎక్కువవుతుంది. చెట్టు బెరడు కార్క్ వాడే ఎవరికైనా, ఎంత పెద్ద పేరున్నవాళ్లకైనా వస్తుంది. తాగితే ప్రమాదం లేదు గానీ తాగలేరు. మిగిలిన వైన్‌తో సహా బిరడా పెట్టి కొన్నచోటికి తీసుకెళ్లి చూపించండి, మర్యాదస్తులైన వ్యాపారులు మార్చిస్తారు. పారబోసి ఉంటే మాత్రం అడగలేం.

ప్రశ్న: రెడ్ వైన్ గుండెకి మంచిదంటారు, మా నాన్నగారికి రోజూ ఒక గ్లాసు ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. మందు అనుకుని ఎవరికీ మొదలుపెట్టొద్దు. ఆల్కహాల్ క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో ఉంది, ఎంత తక్కువైనా సురక్షితం అని చెప్పలేమని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. బరోలోలో కనీసం 13 శాతం ఆల్కహాల్ ఉంటుంది, ఇప్పుడు ఎండలు పెరిగి 14, 14.5 కూడా వస్తోంది. నాకు ఈ వైన్ అంటే ప్రాణం, అయినా ఈ మాట ఇలాగే చెప్తా. నాన్నగారి గుండె సంగతి డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: ఈ అక్టోబర్‌లో ట్యూరిన్ వెళ్తున్నాం, ఆ ఊరు చూడాలనుంది. ఎలా వెళ్లాలి, నేరుగా తలుపు కొట్టొచ్చా?

ట్యూరిన్ నుంచి ఆల్బాకి ట్రైన్ ఉంది, ఆల్బా నుంచి బరోలో సుమారు 15 కిలోమీటర్లు, బస్సులు తక్కువ. ఊరు చాలా చిన్నది, జనాభా 700 లోపే, నడుమ ఫల్లెత్తి కోట, దాంట్లో వైన్ మ్యూజియం, రకరకాల బరోలోలు గ్లాసుల లెక్కన రుచి చూపించే ఎనొతెకా. 2014లో ఈ కొండల్ని యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టారు, పొద్దున్నే లా మొర్రా ఊరి పైనుంచి చూడండి, మంచు పల్లంలో పరుచుకుని దిబ్బల తలలు మాత్రం తేలుతుంటాయి.

తలుపు మాత్రం కొట్టకండి. కోతల టైమ్‌లో ఇంటిల్లిపాదీ తోటలోనే ఉంటారు, రెండు వారాల పని మీద ఏడాది బతుకు ఆధారపడి ఉంటుంది. నెల ముందే మెయిల్ పెట్టండి, ఇటాలియన్‌లో నాలుగు ముక్కలు రాస్తే ఇంకా సంతోషం. కుదరదని జవాబొస్తే నొచ్చుకోవద్దు, నాకు మూడిళ్ల వాళ్లు కాదన్నాక నాలుగో ఇల్లు రమ్మంది. రుచి చూపించేటప్పుడు ఉమ్మడానికి గిన్నె పెడతారు, వాడుకోండి, అది అవమానం కాదు. కారు నడిపేవాళ్లకి ఇటలీలో రక్తంలో లీటర్‌కి 0.5 గ్రాముల హద్దు, లైసెన్స్ వచ్చి మూడేళ్లు నిండనివాళ్లకి అదీ లేదు, సున్నా. ఆ కొండ రోడ్ల మలుపులు చూశాక మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఇంతకీ మీరేం తెచ్చుకున్నారు?

రెండే ఇచ్చారండీ, మనిషికి రెండు అని వాళ్ల రూలు, ఇంకోటి అడగబోతే పెద్దావిడ గోడకి వేలాడదీసిన నోటుబుక్కు తీసి చూపించింది. ఏళ్లుగా కొంటున్నవాళ్ల పేర్లు, ఒక్కో పేరు పక్కన 6 అనో 12 అనో పెన్సిల్‌తో రాసి ఉంది, కొన్ని పేర్లు కొట్టేసి కింద కొడుకు పేరో కూతురు పేరో రాశారు. అది చూశాక ఇంక నోరు పెగల్లేదు. ఒకటి ఆ రాత్రే ఆల్బాలో మేం దిగిన ఇంట్లో తెరిచాం, మొదటి గ్లాసులో వాసన మూసుకుపోయి ఉంది, మూడో గంటకి గది మొత్తం గులాబీ వాసన. రెండోది 2016 పంట. మా అమ్మాయి 2031లో డిగ్రీ పూర్తి చేస్తుంది, అప్పటిదాకా అది పడుకునే ఉంటుంది.